బాకీ బహుత్ ఖరాబ్ హై

కొత్త కాపురానికి రాయపూర్ వచ్చిన రోజుల్లో నేను అన్నిటికన్నా ఎక్కువ బెంగపెట్టుకున్నది అమ్మ మీదా కాదు, నాన్న మీదా కాదు, తెలుగు మీద. ఈ మాట ఇప్పుడు ఎవరితోనైనా అంటే వింతగా చూస్తారు. చేతిలో ఫోను, ఫోనులో ఊరూ వాడా అన్నీ ఉన్న కాలం ఇది. అప్పట్లో మా క్వార్టర్లో ఫోనే లేదు. ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రంగా ఏర్పడి ఎంతో కాలం కాలేదు, దుకాణాల బోర్డుల మీద పాత రాష్ట్రం పేరు ఇంకా పూర్తిగా చెరిపేయలేదు. మా ఆయన డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో, గూడ్సు వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టరు. పొద్దున సైరను మోగగానే కాలనీలోని సైకిళ్ళన్నీ ఒక్కసారిగా గేటు వైపు కదిలేవి. ఆ గంటల చప్పుడు సద్దుమణిగాక ఇంట్లో మిగిలేది నేనూ, మా అత్తగారూ, ఒక రేడియో. ఆ రేడియోకి హిందీ తప్ప ఇంకేమీ వచ్చేది కాదు.

కాలనీలో తెలుగువాళ్ళు లేరా అంటే, కావలసినంత మంది ఉన్నారు. కాని ఎన్నో ఏళ్ళుగా అక్కడే ఉండిపోయిన వాళ్ళ తెలుగు, మా సోంపేట తెలుగులాగే మొదలై మధ్యలో ఎక్కడో పట్టాలు మారేది. పక్క క్వార్టరు పిన్నిగారు కుళాయి కట్టేసే వేళకి గోడమీంచి తల పెట్టి, "పానీ బందయిపోతాది పిల్లా, బాల్టీలు భర్తీ సేసుకున్నావా?" అనేవారు. ఎదురింటి తాతగారు సాయంత్రం కాగానే, "దర్వాజా ఎయ్యండే, మచ్చర్లు దూరిపోతన్నాయి" అని దోమల భయంతో కేకేసేవారు. నేను అందిన సగం మాట పుచ్చుకుని, అందని సగానికి ఒక చిరునవ్వు పెట్టేదాన్ని. (కొత్త కోడలు భలే నవ్వుమొహం అని కాలనీ అంతా పేరొచ్చింది. అర్థం కాకపోవడానికి అంత మంచి పేరు వస్తుందని నాకూ తెలియదు.) మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు పప్పు డబ్బాకి చుట్టి వచ్చిన పాత తెలుగు పేపరు ముక్కని పెరట్లో కూర్చుని పైకి చదువుకునేదాన్ని. అది ఏదో టెండరు ప్రకటన. నాకు ఇప్పటికీ దానిలో సగం నోటికి వచ్చు.

ఒకరోజు అలా చదువుతుండగా మా ఆయన చూశాడు. రాత్రి అన్నం తింటూ, "ఈ వేసవి దాకా సూద్దాం. నీకిక్కడ మనసు నిలవకపోతే, నాకు బదిలీ వచ్చేవరకూ సోంపేటలో ఉందువుగానిలే" అన్నాడు. పాపం, జాలిపడే అన్నాడు. కాని ఆ మాట వడ్డిస్తున్న మా అత్తగారి చెవిన పడింది. ఆవిడ గరిటె అలాగే పట్టుకుని నా వైపు తిరిగి, "ఈ పిల్లకి పని లేక బెంగ. పని సూస్తాను" అన్నారు. ఆవిడ దేన్నైనా చూస్తానన్నారంటే అది అయిపోయినట్టే. పోయిన మామగారి పింఛను దగ్గర నుంచి క్వార్టరు కప్పుకి రేకులు వేయించడం దాకా అన్నీ అలా చూసినవే.

అత్తగారికి హిందీ బ్రహ్మాండంగా వచ్చునని అప్పటికి నా గట్టి నమ్మకం. సంతలో ఆవిడ నోరు విప్పితే కూరగాయలవాళ్ళు లేచి నిలబడేవారు. నేను బుట్ట పట్టుకుని పక్కన నిలబడి ఆరాధనగా చూసేదాన్ని. "జ్యాదా మత్ బోలో!" అని మొదలుపెట్టేవారు, అంటే ధర ఎక్కువ చెప్పకు అని. "సహీ లగావో!", సరిగ్గా వేసుకో అని. "తాజా హై క్యా?" అని ప్రతి వంకాయనీ అనుమానించేవారు. "కల్ ఖరాబ్ దియా!" అని నిన్నటి టమాటాలకి ఇవాళ పంచాయితీ పెట్టేవారు. అంతా అయ్యాక, బుట్ట ముందుకు చాచి, "పురౌనీ?" అనేవారు. మనం కొసరు అంటామే, అదే అక్కడి ఛత్తీస్‌గఢీ మాటలో పురౌనీ. నాలుగు పచ్చిమిరపకాయలో, గుప్పెడు కొత్తిమీరో పైన పడేదాకా ఆవిడ అడుగు కదిలేది కాదు. ఆవిడ హిందీ అంతా ఆ సంతలోనే మొదలై ఆ సంతలోనే ముగిసిందన్న సంగతి నాకు తెలియదు. హిందీ అంటే హిందీయే కదా అనుకుని, వంటింట్లో ఆవిడ ముందు కూర్చుని శ్రద్ధగా నేర్చేసుకున్నాను.

వారం తిరక్కుండా ఆవిడ పని చూశారు. రాయపూర్‌లోనే మోవా అనే పేటలో సిమెంటు, ఇనప ఊచలు అమ్మే ఒకాయన తన దుకాణం మేడ మీద బడి నడుపుతున్నాడట. ఏడో తరగతికి టీచరు కావాలట. బీకామ్ అయితే మరీ మంచిదట, నాది అదే. నేను గంజి పెట్టిన నూలు చీర కట్టుకుని టెంపో ఎక్కి వెళ్ళాను. ఆయన్ని అందరూ బడే సర్ అంటారు. సిమెంటు బస్తాల మధ్య కుర్చీలో కూర్చుని, నా సర్టిఫికెట్లు ఊచ మందం చూసినట్టు వేళ్ళతో నలిపి చూశారు. తరవాత హిందీలో గబగబా ఏదో అడిగారు. నాకు అందులో చిక్కినవి రెండే మాటలు, బీకామ్, బ్యాంక్. జీతం వేయడానికి నాకు బ్యాంకు ఖాతా ఉందా అని అడుగుతున్నాడు కాబోలు అనుకుని, నవ్వుమొహంతో, "హా జీ, హై!" అన్నాను. ఆయన తృప్తిగా తల ఊపి సుద్దముక్కల డబ్బా నా చేతిలో పెట్టారు. ఆయన అడిగింది, పిల్లలకి బ్యాంకు విషయాలు పాఠం చెప్పగలరా అని. మోవాలో కొత్తగా ఒక బ్యాంకు శాఖ తెరిచారు. దాని మేనేజరు ఏదో ఒక రోజు బడికి వచ్చి పిల్లలని ప్రశ్నలు అడిగి, వాళ్ళ పేర్లతో ఖాతాలు తెరుస్తారట. ఆలోగా జమ, వడ్డీ, చెక్కు, నిల్వ లాంటి మాటలన్నీ పిల్లలకి వచ్చేయాలి. అది బాగా జరిగితే ఉద్యోగం ఖాయం, లేకపోతే లేదు. ఈ సంగతులన్నీ నాకు టైం టేబుల్ చేతికిచ్చిన ఆయమ్మ సైగలతో వివరించింది. హిందీ రాని మనిషి హిందీలో బ్యాంకింగ్ చెప్పాలన్నమాట. మెట్లు దిగి పారిపోదామనుకున్నాను. మెట్ల మీద ఊచలు దింపుతున్నారు, దారి లేదు.

ఏడో తరగతి నన్ను చూడగానే ఒక్కసారిగా సంతలా మారింది. బల్లలు లాగుతున్నారు, అరుస్తున్నారు. నాకు సంతలో ఏం మాట్లాడాలో బాగా తెలుసు. బల్ల మీద చెయ్యి చరిచి, "ఏ! జ్యాదా మత్ బోలో!" అన్నాను. తరగతి ఠక్కున ఆగిపోయింది. నాకు ధైర్యం వచ్చేసింది. లెక్క తప్పు చెప్పినవాణ్ణి, "సహీ లగావో!" అన్నాను. హోంవర్కు పక్కవాడిది చూసి రాసినట్టు అనుమానం వస్తే పుస్తకం ఎత్తి వాసన చూస్తున్నట్టు, "తాజా హై క్యా?" అన్నాను. నిన్నటి రాత బాగోలేని వాడితో, "కల్ ఖరాబ్ దియా" అన్నాను బాధగా. పిల్లలు మొదటి రెండు రోజులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడో రోజుకి వాళ్ళు కూరగాయలవాళ్ళయిపోయారు. నేను పుస్తకం ఎత్తగానే తరగతి మొత్తం, "ఏక్‌దమ్ తాజా, మేడమ్!" అని అరిచేది. నాకు తెలియకుండానే నేను మోవాలో అందరికన్నా పేరున్న టీచరునైపోయాను. ఆ పేరు ఎందుకొచ్చిందో మాత్రం తెలియలేదు, పాఠం బాగా చెబుతున్నాననే అనుకున్నాను.

నిజానికి పాఠమూ మరీ చెడ్డగా ఏమీ సాగలేదు. వడ్డీని హిందీలో బ్యాజ్ అంటారని పుస్తకంలో ఉంది గాని, దాన్ని వివరించే మాటలు నా దగ్గర లేవు. ఆలోచించి ఆలోచించి, "బ్యాంక్ కా పురౌనీ!" అన్నాను. మీ డబ్బు వాళ్ళ దగ్గర ఉంచినందుకు పైన వేసే కొసరు. తరగతిలో దీపం వెలిగినట్టయింది. ముందు బల్లలో ఒక వడ్రంగి కూతురుండేది. వాళ్ళ నాన్నలాగే చెవి వెనక పెన్సిలు పెట్టుకుని వచ్చేది, అందుకని అందరూ దాన్ని పెన్సిల్ అనేవారు. ఆ పిల్ల లేచి, "మేడమ్, ఎక్కువ రోజులుంచితే ఎక్కువ పురౌనీ వస్తుందా?" అని అడిగింది. నాకు కాలేజీలో చక్రవడ్డీ చెప్పిన లెక్చరరు గుర్తొచ్చాడు. ఆయన మూడు వారాల పాటు చెప్పింది ఈ పిల్ల ఒక్క ముక్కలో తేల్చేసిందని మురిసిపోయాను.

ఆ మురిపెం మీదే నిల్వ అనే మాటకి వచ్చాం. బోర్డు మీద బ్యాలెన్స్ అని రాసి, దీన్ని హిందీలో ఏమంటారు అని అడిగాను. (అడిగింది వాళ్ళకి వచ్చా అని కాదు, నాకు రాక.) పెన్సిల్ వెంటనే లేచి, "బాకీ, మేడమ్!" అంది.

బాకీయా! పన్నెండేళ్ళ పిల్ల నోట ఆ మాటేమిటి? "నహీ, నహీ! బాకీ బహుత్ ఖరాబ్ హై!" అన్నాను. ఆగితే బాగుండేది. ఆగలేదు. బాకీ ఉన్నవాడు వీధిలో తల ఎత్తుకు తిరగలేడని అభినయించి చూపించాను. బాకీ ఉన్న ఇంటికి మనుషులొచ్చి తలుపు కొడతారని బల్ల మీద కొట్టి చూపించాను. ఎవరింట్లోనైనా బాకీ ఉంటే ముందు బేగి వెళ్ళి తీర్చేయమని మీ నాన్నలకి చెప్పండి అన్నాను. నా దగ్గరున్న కాసిని హిందీ మాటలూ ఆ రోజు ఖర్చు పెట్టేశాను. పిల్లలు గుడ్లప్పగించి విన్నారు. ఒక్కడూ "తాజా" అనలేదు. అంత బాగా పాఠం కుదిరిందని సంతోషపడి, ఇంటికెళ్ళి అత్తగారికి కూడా చెప్పాను. ఆవిడ, "మంచిమాట సెప్పినావు" అన్నారు.

హిందీలో బాకీ అంటే అప్పు కాదు, మిగిలినది. మనం అప్పు కింద వాడుకునే ఆ మాటకి అక్కడ అర్థం వేరు. ఈ సంగతి నాకూ తెలియదు, అన్నేళ్ళు అక్కడున్న మా అత్తగారికీ తెలియదు. ఆవిడ సంతలో ఎప్పుడూ ఏదీ మిగల్చలేదు మరి.

ఆ సాయంత్రం పెన్సిల్ ఇంటికెళ్ళి వాళ్ళ నాన్న పాస్‌బుక్కు తీసిందట. పాపం ఆ వడ్రంగి కొత్తగా ఖాతా తెరిచి, తలుపులు బిగించిన డబ్బు కాస్తా కాస్తా అందులో వేసుకుంటున్నాడు. చివరి గడిలో ఉన్నదంతా బాకీయేనని పిల్ల చదివి చెప్పింది. పైగా వేసిన కొద్దీ అది పెరుగుతోంది. డబ్బు కట్టిన ప్రతిసారీ అప్పు పెరిగిపోయే బ్యాంకు గురించి ఆ మనిషి జీవితంలో వినలేదు. పిల్ల ఏడుపు మొదలుపెట్టింది, మేడమ్ చెప్పినట్టు మనుషులొచ్చి తలుపు కొడతారని. (ఆ తలుపు కూడా ఆయనే చేసినది.) ఏడో తరగతిలో అలాంటి ఇళ్ళు ఇంకా కొన్ని ఉన్నాయి. మర్నాడు బ్యాంకు తెరిచేసరికి గుమ్మం ముందు వాళ్ళందరూ ఉన్నారు. కొందరు బాకీ తీర్చడానికి ఎంత కట్టాలని అడుగుతుంటే, కొందరు మా డబ్బు మాకిచ్చి మీ బాకీ మీరే ఉంచుకోండని కేకలు వేస్తున్నారట. మేనేజరు ఈ మాట ఎక్కడ పుట్టిందని ఆరా తీస్తే, సిమెంటు దుకాణం మేడ మీద తేలింది.

రేపు మేనేజరు బడికి వస్తున్నాడు, మీరూ ఉండాలి అని బడే సర్ కబురు చెప్పినప్పుడు ఆయన మొహం చూస్తే, ఎందుకో హిందీ లేకుండానే అర్థమైపోయింది. ఇంటికొచ్చి ట్రంకుపెట్టె కిందికి దించాను. చీరలు మడత పెడుతూ ఏడుస్తున్నాను. వేసవి దాకా కూడా అక్కర్లేదు, రేపటితో సరి. నేను కోరుకున్నది సోంపేటే కదా, మరి ఎందుకేడుస్తున్నట్టు? ఆ ప్రశ్న ఆ సాయంత్రం మొదటిసారి తోచింది. ఆ తరగతి, ఆ అరుపులు, చెవి వెనక పెన్సిలుతో లేచి నిలబడే ఆ పిల్ల, ఇవేవీ సోంపేటలో ఉండవు.

అత్తగారు గుమ్మంలో నిలబడి సంగతంతా నా చేత చెప్పించుకుని విన్నారు. "ఏటీ, రేపు ఆ సాబు నిన్ను అడుగుతాడా?"

"అడుగుతాడు, అత్తమ్మా."

"నీకు హిందీ నేర్పింది ఎవులు?"

"మీరే."

"మరైతే నన్నే అడగమను. నానూ వొస్తాను" అని, ట్రంకుపెట్టె ఎత్తి మళ్ళీ అటక మీద పెట్టేశారు.

మర్నాడు సిమెంటు బస్తాల మధ్య మేం ఇంతమందిమి కూర్చున్నాం. బడే సర్, మేనేజరు, వడ్రంగి, ఆయన పక్కన ఏడ్చి ఏడ్చి మొహం వాచిన పెన్సిల్, నేను, కొత్త చీరలో మా అత్తగారు. మేనేజరు తమిళాయన. ఆ ఊరు వచ్చి ఎన్నో నెలలు కాలేదట. ఆయన నోరు విప్పగానే నాకు అంత దుఃఖంలోనూ ఒక ఊరట కలిగింది. ఆయన హిందీ నా హిందీ కన్నా అధ్వాన్నంగా ఉంది.

"మేడమ్, ఆప్ క్యా పఢాయా? పూరా మొహల్లా బ్యాంక్ మే ఆ గయా!" అని గొంతు పెంచారాయన, పేటంతా బ్యాంకు మీదికి వచ్చేలా ఏం పాఠం చెప్పారని.

నేను నోరు తెరిచేలోగా అత్తగారు ముందుకు జరిగారు. "ఏ సాబ్! జ్యాదా మత్ బోలో!"

మేనేజరు నిజంగానే ఆగిపోయారు. బడే సర్ చేతిలోని టీ తొణికింది. నేను అత్తగారి కొంగు పట్టి లాగాను. మేనేజరు తేరుకుని, నాతో లాభం లేదనుకున్నారేమో, వడ్రంగి వైపు తిరిగి అనునయంగా, నీ డబ్బు మా దగ్గర భద్రంగా ఉందని చెప్పసాగారు. అది బానే ఉంది. "ఊపర్ సే, హమ్ తుమ్‌కో హర్ సాల్ ప్యాజ్ దేగా" అన్నారు. తమిళంలో మనలా ప, బలకి వేర్వేరు అక్షరాలు లేవు కదా. బ్యాజ్ ఆయన నోట్లో ప్యాజ్ అయిపోయింది. అంటే ప్రతి ఏడూ ఉల్లిపాయలిస్తామని.

వడ్రంగి నమ్మలేనట్టు చూశాడు. "ప్యాజ్?"

"హా, హా! ప్యాజ్! జితనా జ్యాదా పైసా, ఉతనా జ్యాదా ప్యాజ్!"

ఎంత డబ్బు వేస్తే అన్ని ఉల్లిపాయలన్నమాట. వడ్రంగి చేతులు జోడించాడు. "మోలా ప్యాజ్ నై చాహీ, సాబ్. మోర్ పైసా దే దే." నాకు ఉల్లిపాయలు వద్దు బాబూ, నా డబ్బు నాకిచ్చెయ్యి అని. నిన్నటిదాకా అప్పు అన్నారు, ఇవాళ ఉల్లిపాయలంటున్నారు, ఈ బ్యాంకు వ్యవహారం ఆయనకి పూర్తిగా భయం పుట్టించింది.

అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూశాను, కుదరలేదు. ఉద్యోగం పోయే వేళ, అందరి ఎదుటా, కొత్త కోడలు పడీ పడీ నవ్వితే ఎలా ఉంటుంది? బడే సర్ తల పట్టుకున్నారు. ఎందుకు నవ్వుతున్నావని మేనేజరు అడిగారు. నేను కళ్ళు తుడుచుకుంటూ, "సర్, బాకీ మతలబ్ క్యా?" అన్నాను. వచ్చినప్పటి నుంచీ అడగాలనుకున్నది అదొక్కటే.

"బాకీ మతలబ్..." అని ఆయన మొదలుపెట్టి, ఆగారు. పైకి చూశారు. వాళ్ళ భాషలోనూ బాకీ అంటే ఇవ్వవలసి ఉన్నదేనట. ఆయన మొహం మీద ఏదో నెమ్మదిగా వెలిగింది. తాను రాయపూర్‌లో దిగిన మొదటి రోజు టీ కొట్టువాడు, చిల్లర తరవాత ఇస్తానంటూ, "సాబ్, ఆప్‌కా దస్ రూపయా బాకీ హై" అంటే, తాను కంగారుగా ఇంకో పది రూపాయలు తీసి ఇచ్చి వచ్చేశానని చెప్పారు. చెబుతూ చెబుతూ ఆయనా నవ్వడం మొదలుపెట్టారు. దక్షిణాది వాళ్ళం ఇద్దరం అలా నవ్వుతుంటే, ఊరివాళ్ళు ముగ్గురూ మా మొహాల వంక వెర్రిగా చూశారు. అత్తగారు మాత్రం కథ తనకి అనుకూలంగానే తిరిగిందని గ్రహించి కుర్చీలో వెనక్కి వాలారు.

నేను పెన్సిల్ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. నాకొచ్చిన హిందీలోనే, అంటే అత్తగారి హిందీలోనే చెప్పాను. మేడమ్ తప్పు లగాయించింది. బాకీ ఖరాబ్ కాదు. నాన్న సంచీలో మోసుకెళ్ళి దాచుకున్నదాంట్లో ఇంకా ఉన్నదే బాకీ. అది మీది, బ్యాంకువాడిది కాదు. సాబ్ చెప్పింది ఉల్లిపాయలు కాదు, పురౌనీ. పిల్ల నా మొహం పరీక్షగా చూసింది. వాళ్ళ నాన్న, "త బ్యాంక్ హా పురౌనీ దేథే?" అని అడిగాడు, బ్యాంకువాడు కొసరు వేస్తాడా అని. ఆ ప్రశ్న బ్యాంకు గురించి ఆ వారంలో ఆయన సంతోషంగా అన్న మొదటి మాట.

"వేయకపోతే నన్ను పిలువు" అన్నారు మా అత్తగారు హిందీలో, కుర్చీలోంచే.

నా ఉద్యోగం నిలబడింది. బాకీ తీర్చడానికి వచ్చిన వాళ్ళంతా వెనక్కి వెళ్ళి, ఈసారి మామూలుగా డబ్బు వేసుకున్నారు. మేనేజరు ఖాతాలు తెరిచే నెపంతో అప్పుడప్పుడూ శనివారాలు మా తరగతికి వచ్చి వెనక బల్ల మీద కూర్చునేవారు. హిందీ నేర్చుకోవడానికేనని నా అనుమానం. (పిల్లలు ఆయనకి ప్యాజ్‌వాలే సర్ అని పేరు పెట్టారు. ఆయనకి తెలిసినా తెలియనట్టే ఉండేవారు.) వేసవి వచ్చింది, వెళ్ళింది. సోంపేట వెళ్ళి అమ్మ దగ్గర పదిహేను రోజులుందామనుకుని, వారానికే తిరుగు రైలెక్కేశాను. స్టేషన్‌కి వచ్చిన మా ఆయన నా చేతిలో ట్రంకుపెట్టె అందుకుంటూ, "ఏటి, అప్పుడే?" అని మాత్రం అన్నాడు.

తరవాత చాలా ఏళ్ళు అక్కడే ఉన్నాం. బీఈడీ చేశాను. పట్టుదలగా హిందీ నేర్చుకున్నాను, ఆడ మగ తేడాలతో సహా. ఏ మాట ఎక్కడ వాడాలో అంతా తెలిసింది. బ్యాంకు పాఠం పుస్తకంలో ఉన్నట్టే అచ్చమైన హిందీలో చెప్పడం వచ్చింది. ఆ తరవాతి పిల్లలు బుద్ధిగా రాసుకునేవారు, పరీక్షలో సరిగ్గా రాసేవారు. కాని పుస్తకం ఎత్తితే ఎవరూ అరిచేవారు కాదు. వాళ్ళకి అరవడానికి నేను ఏమీ మిగల్చలేదు. పెన్సిల్ ఎనిమిదో తరగతి అయ్యాక ఊరవతల ధర్సీవా వైపు వెళ్ళిపోయింది, వాళ్ళ నాన్నకి అక్కడ ఏదో ఫ్యాక్టరీలో పని దొరికిందని. వెళ్ళే ముందు వచ్చి దండం పెట్టింది. నేను చాలా శుద్ధమైన హిందీలో ఆశీర్వదించాను. ఆ పిల్ల కాసేపు ఇంకేదో వినడానికి నిలబడి, వెళ్ళిపోయింది. ఇప్పుడనుకుంటే, తప్పుల హిందీలోనే ఒక్క మాట అనాల్సింది.

ఇప్పుడు మేం విశాఖపట్నంలో ఉంటున్నాం. మా ఆయనకి ఎట్టకేలకు బదిలీ వచ్చింది, నేను ఎంతగానో కోరుకుని, కోరుకోవడం మానేసిన తరవాత. చుట్టూ తెలుగే. కూరల బండివాడిది తెలుగు, లిఫ్టు కుర్రాడిది తెలుగు, పొద్దున్నే గుడి మైకులో తెలుగు. నాకు ఒకప్పుడు టెండరు ప్రకటన చదువుకుంటే కన్నీళ్ళొచ్చాయని చెబితే మా అమ్మాయి నమ్మదు. మా అత్తగారికి మాత్రం ఇక్కడ మహా తోచదు. మాట్లాడదామంటే హిందీ వచ్చినవాళ్ళు లేరంటారు. అందుకని సాయంత్రం పూట బాల్కనీలో కూర్చుని మేమిద్దరం హిందీలో మాట్లాడుకుంటాం. నేను నా మంచి హిందీ పక్కన పెట్టేసి ఆవిడ హిందీలోకి దిగిపోతాను. అటు మగపదాలు ఆడవైపోతాయి, ఇటు ఆడవి మగవైపోతాయి. ఆ మధ్య పక్క ఫ్లాటులోకి కొత్తగా వచ్చినావిడ విని, "మీరు నార్త్ వాళ్ళాండీ?" అని అడిగింది. అత్తగారు గంభీరంగా తల ఊపారు. నేను కాదనలేదు.

నిన్న అలాగే కూర్చున్నాం. ఆవిడ వీధి వైపు చూసి, చూసి, "ఒలే, రాయపూర్ల ఇప్పుడు టైమెంతయ్యుంటాది?" అన్నారు.

"ఇక్కడెంతో అక్కడా అంతే, అత్తమ్మా."

"అది నాకు తెల్దేటి? అక్కడిదే సెప్పు."

నేను లోపలికి తొంగి గోడగడియారంలో అయిదున్నర చూసి, "సాఢే పాంచ్" అన్నాను.

"వర్క్‌షాపు ఒగ్గేసుంటారు" అని ఆవిడ, నెమ్మదిగా కుర్చీ చేతులు పట్టుకుని లేచి, చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళారు. నేను నవ్వుకుంటూ అక్కడే కూర్చున్నాను. మా ఆయన ముందుగానే రిటైర్మెంటు తీసుకుని రెండేళ్ళవుతోంది, ఆ గదిలోనే టీవీ చూస్తున్నాడు. అయినా నేను చీర కుచ్చిళ్ళు సరిచేసుకుని, వీధి మలుపు వైపు, వచ్చే సైకిళ్ళ కోసం చూస్తున్నాను.